పుల్లమ్మ వేయించుకున్న రెండు

మిరపకాయ ముచ్చిక తుంచడం, కాయను కుడిపక్క కుప్పలో వేయడం. పుల్లమ్మ వేళ్ళు ఇరవై ఏళ్ళుగా చేస్తున్న పని అదొక్కటే. గోళ్ళ చుట్టూ చర్మం కందిపోయి పగిలింది. ముక్కు దురద పెడితే ముంజేత్తో రుద్దుకునే నేర్పూ అలా వచ్చిందే. గుంటూరు శివారులోని ఆ మిరపకాయల షెడ్డులో పక్కన కూర్చునే ఆదెమ్మ తప్ప ఆమెను పట్టించుకునేవాళ్ళు లేరు.

రెండువేల మూడు మార్చిలో ఒక పొద్దున జ్యోతిర్మయి అనే పిల్ల కాగితాలు పట్టుకుని వచ్చింది. ఎవరెంత సంతోషంగా ఉన్నారో రాసుకుంటుందట. ఘాటుకు తుమ్మీ తుమ్మీ కళ్ళు ఎర్రబడినా పాపం నవ్వుతూనే అడిగింది.

"సున్నా అంటే అసలు సంతోషం లేనట్టు, పది అంటే నిండుగా ఉన్నట్టు. మీకెంత వేయమంటారండీ?"

తనను 'అండీ' అన్నందుకే పుల్లమ్మకు ఆ పిల్ల ముద్దొచ్చింది. నిజం చెప్పాలంటే పదీ చాలదు. పొదిలిలో కూతురు సుబ్బరావమ్మకు మూడు కడుపులు నిలవలేదు. నాలుగోదానికి తొమ్మిదో నెల వచ్చింది. మూడోసారి ఐదో నెలలోనే గాజులు తొడిగించి, ఊరంతా చెప్పుకుని మురిసింది పుల్లమ్మే. ఆ వారంలోనే చెడు కబురొచ్చింది. అప్పటినుంచి సంతోషం మాట వస్తే నోరు కట్టేసుకుంటోంది.

"రెండేసుకో తల్లీ."

"అంతేనా అమ్మా? ఏం కష్టం మీకు?"

"కష్టమేవుంది. ఏదో ఎళ్ళిపోతంది."

పిల్ల ముఖం చిన్నబుచ్చుకుని, పెన్సిలుతో రెండు వేసుకుంది. పుల్లమ్మకు జాలేసింది. కానీ నలుగురూ చదివే కాగితం మీద కూతురి కడుపు సంగతి పెట్టేదెలా?

మధ్యాహ్నం అన్నం తిని మేస్త్రీ సిలార్ దగ్గరకు వెళ్ళింది. "ఈ పూటనుంచి రానయ్యా."

"పనిరోజుల్లోనా! ఏవొచ్చింది పుల్లమ్మా?"

"చేతుల్లో మంట పోవాల" అంది. పసిగుడ్డును ఎత్తుకోవాలంటే పది రోజులైనా ఆ చేతులకు మిరపకాయ తగలకూడదు. కుళాయి దగ్గర కూర్చుని చాలాసేపు చేతులు రుద్దుకుని, పొదిలి బస్సుకు వెళ్ళిపోయింది.

సాయంత్రం జ్యోతిర్మయి కాగితాలు సర్దుకుంటూ, "ఆ పెద్దమ్మ రెండే వేయించుకుంది, పాపం" అంది. ఆదెమ్మ ఉండబట్టలేక, గొంతు తగ్గించి, పోయిన మూడు కడుపుల సంగతీ ఇప్పటి తొమ్మిదో నెల సంగతీ చెప్పేసింది.

"అయ్యో, అయితే దిద్దేస్తానుండండి" అని పిల్ల రబ్బరు తీసింది.

ఆదెమ్మ గబుక్కున ఆమె చెయ్యి పట్టేసుకుంది. "దిద్దమాకమ్మా! బిడ్డ భూమ్మీద పడేదాకా రెండే ఉండనీ."

పిల్ల రబ్బరు సంచిలో వేసేసింది. కాసేపటికి ఆదెమ్మ పట్టుకున్న చోట మణికట్టు భగ్గుమంది. కడుక్కుందామని కుళాయి దగ్గరకు వెళ్తే, గట్టు మీద పిండీ పిండీ తెల్ల తొక్క దాకా అరగదీసిన నిమ్మచెక్కలు వరసగా పడి ఉన్నాయి.