అంచుదాకా పోసిన టీ

నాలుగో కీలు దగ్గర ఉలి ఆగింది. మత్‌యాకూబ్ ఎడమ చేత్తో కుడి మణికట్టు గట్టిగా పట్టుకుని, వణుకు తగ్గేదాకా గోడకేసి చూస్తూ కూర్చున్నాడు. తగ్గగానే మళ్ళీ మొదలుపెట్టాడు. ఒకే అక్రోటు చెక్క. మేకు ఉండదు, జిగురు ఉండదు. చెక్కను మందంలో సగానికి చీల్చి, నడుమ కీళ్ళు తొలిచి విప్పితే, ఖురాన్ పెట్టుకుని చదువుకునే వ్యాసపీఠం అవుతుంది. ఒక్క కీలు తప్పితే ఆ చెక్క పొయ్యిలోకే.

నిన్న ఒకటి పొయ్యిలోకి పోయింది. మొన్న ఇంకొకటి.

ఖీవా కోట గుమ్మం దగ్గర, చెక్కసామాను దుకాణం అరుగు మీద అతను నలభై ఒక్క ఏళ్ళుగా కూర్చుంటున్నాడు. వంగి వంగి కుడి భుజం రెండు వేళ్ళు కిందికి దిగింది. బొటనవేలికి సగం గోరే ఉంది. మిగతా సగం ఏ పీఠానికి పోయిందో అతనికే గుర్తులేదు. పెళ్ళాం పోయింది, పిల్లలు లేరు, ఈ అరుగు తప్ప వెళ్ళడానికి ఇంకో చోటు లేదు. నెత్తిన ఉంగరాల బొచ్చు వేలాడే గొర్రెతోలు టోపీ, బుట్టంత. చలికాలపు టోపీ అది. ఇది జూలై. యాత్రికులకు ఆ టోపీ ఇష్టమని యజమాని కురంబాయ్ దాన్ని తియ్యనివ్వడు.

కురంబాయ్ అతని గురువు కొడుకే. ఉలి పట్టడం మత్‌యాకూబే నేర్పాడు. ఆ చేతికి ఉలి అబ్బలేదు గానీ, నోటికి బేరం బాగా అబ్బింది.

అయినా రోజూ పదింటికి కురంబాయే కూజా పట్టుకొచ్చి, పియాలాలో పావువంతు టీ పోసి, గుండె మీద చెయ్యి పెట్టుకుని అందించేవాడు. అయిపోతే మళ్ళీ పావువంతు. అదే మర్యాద. కొంచెం కొంచెంగా పోస్తే మనిషి ఇంకాసేపు కూర్చోవాలని. అంచుదాకా పోశారంటే, తాగి లేవమని. లేవమని నోటితో చెప్పేటంత మోటు మనుషులు ఖీవాలో లేరు మరి!

ఇవాళ టీ కురంబాయ్ భార్య అనోర్‌గుల్ తెచ్చింది. ఒలక్కుండా అడుగులో అడుగు వేసుకుంటూ తెచ్చింది. అంచుదాకా ఉంది.

"చెయ్యి జారిందా అమ్మా?"

"లేదు మావయ్యా." ఆమె తల ఎత్తలేదు. "ఆయనే పోసిచ్చారు."

లోపల కురంబాయ్ వీపు ఇటు పెట్టి బీరువా తుడుస్తున్నాడు. పొద్దున్నే పక్కూరు ఉర్గెంచ్ నుంచి దిగిన అతని బావమరిది సాబిర్, అద్దం ముందు కొత్త గొర్రెతోలు టోపీ పెట్టుకుని చూసుకుంటున్నాడు. జన్మలో ఉలి పట్టినవాడు కాడు. గడ్డం మాత్రం తెల్లగా, పొడుగ్గా, ఫోటోకోసమే పెంచినట్టు ఉంది.

మత్‌యాకూబ్ పియాలాను ముందున్న పనిపీట మూలన పెట్టాడు. తాగితే కదా లేవాలి! ఈ పీఠం ఒక్కటి విచ్చుకుంటే చాలు, కురంబాయ్ తనే వచ్చి ఈ టీ పారబోసి పావువంతు పోస్తాడు. వాళ్ళ నాన్న ముఖం చూసైనా పోస్తాడు.

పదకొండింటికి మొదటి గుంపు వచ్చింది. ఒకావిడ పియాలా చూపిస్తూ ఏదో అడిగింది. వాళ్ళని వెంట తిప్పి ఊరు చూపించే నఫీసా ఇక్కడి పిల్లే. పియాలా చూసింది, ముసలాయన్ని చూసింది, వాళ్ళ భాషలో ఏదో చెప్పింది. అందరూ చప్పట్లు కొట్టారు.

"ఏం చెప్పావు తల్లీ?"

"మీరంటే ఎంత ప్రేముంటే నిండా పోస్తారు అని చెప్పాను తాతా. ఇంకేం చెప్పమంటారు?"

"బాగా చెప్పావు. ఇక వాళ్ళు కూడా ఇంటికెళ్ళి చుట్టాలకి నిండా పోస్తారు," అని నవ్వాడు. చెమట కళ్ళలోకి దిగుతుంటే టోపీ కాస్త పైకెత్తాడు.

"బాబాయ్, టోపీ!" లోపల్నుంచి కురంబాయ్ కేక. "ఫోటోలు తీస్తున్నారు. టోపీ బరువుకి ఎవరూ చచ్చిపోరులే."

ఎండ అరుగు మీదికి ఎక్కాక ఆఖరి కీలు తొలవడం అయింది. ఊపిరి బిగబట్టి రెండు చివర్లూ లాగాడు. చిన్న చప్పుడుతో పీఠం విచ్చుకుంది. మూశాడు, మళ్ళీ విప్పాడు. ఎక్కడా బిగుసుకోలేదు. నలభై ఏళ్ళలో ఇంత సంతోషం అతనికి ఏ పీఠమూ ఇవ్వలేదు.

"కురంబాయ్! ఒక్కసారి రా నాయనా. విచ్చుకుంది."

"బేరంలో ఉన్నాను. నువ్వింకా టీ తాగలేదా బాబాయ్?"

మత్‌యాకూబ్ పియాలా వంక ఒకసారి చూశాడు. పీఠం ఒళ్ళో పెట్టుకుని గోడకు ఆనుకున్నాడు. ఛాతీలో ఏదో పట్టేసినట్టయింది. కళ్ళు మూసుకున్నాడు.

రెండో గుంపు వచ్చి, కునుకు తీస్తున్నాడనుకుని, గుసగుసగా మాట్లాడుకుంటూ పది నిమిషాలు ఫోటోలు తీసుకుంది. ఒకావిడ పక్కన కూర్చుని అతని భుజం మీద తల వాల్చి మరీ తీయించుకుంది.

"లే బాబాయ్, జనం వచ్చారు," అంటూ కురంబాయ్ భుజం కుదిపాడు. టోపీ ఊడి కింద పడింది. కురంబాయ్ ఒక్క క్షణం ఆ ముఖంలోకి చూశాడు. వంగి టోపీ తీసి, దుమ్ము దులిపి, మళ్ళీ ఆ తల మీదే సరిగ్గా పెట్టాడు. పీఠాన్ని పట్టుకున్న వేళ్ళు ఒక్కొక్కటే విడదీయాల్సి వచ్చింది. విప్పి చూశాడు, మూసి చూశాడు. తర్వాత గుంపు వైపు తిరిగి, నవ్వుతూ, "నా చేత్తో చేసిందే," అన్నాడు. ఫోటో తీయించుకున్నావిడే కొనుక్కుంది.

గుంపు వెళ్ళాక శవాన్ని వెనక గుమ్మంలోంచి తీసుకెళ్ళారు. నాలుగింటి గుంపుకు సాబిర్ ఆ అరుగు మీద ఉలి తిరగేసి పట్టుకుని కూర్చున్నాడు. అందరికీ గడ్డం తెగ నచ్చింది. పీట మూల మాత్రం ఎవరూ సర్దలేదు. అక్కడ పియాలా అలాగే ఉంది, పైన సన్నని చెక్కపొడి తెట్టుతో, అంచుదాకా.