మగ్గం మీద మిరపకాయ

పున్నమ్మ నవ్విందంటే వీధి మొదట్లో పాలు పోయించుకునేవాళ్ళు కూడా తలతిప్పి చూసేవాళ్ళు. మంగళగిరిలో ఆ నవ్వు తెలియని చేనేత ఇల్లు లేదు. అలాంటిది, మేనకోడలి పెళ్ళిలో పప్పుచెక్క కొరకబోతే పైవరస ముందు పన్ను సగానికి విరిగింది. మిగిలిన సగాన్నీ డాక్టరు పీకేశాడు. ఆనాటినుంచి ఆవిడ చెయ్యి పమిటకొంగునీ, కొంగు నోటినీ వదల్లేదు. కొన్నాళ్ళకి అసలు నవ్వడమే మానేసింది.

దీనివల్ల నష్టం ఎవరికయ్యా అంటే ఆవిడ మొగుడు పానకాలుకి. ఇద్దరివీ ఎదురెదురు గుంట మగ్గాలు, గుంటలోకి కాళ్ళు దించి కూర్చుని నేసేవి. ముప్ఫై ఏళ్ళుగా ఆయన ఏదో ఒక జోకు వెయ్యడం, ఆవిడ పగలబడి నవ్వడం, ఆ ఊపులో రెండు మగ్గాలూ నడవడం. ఆయన జోకులు అంత గొప్పవేం కావు. ఆవిడ నవ్వుతోంది కాబట్టి చెల్లిపోయాయంతే. ఇప్పుడు షెడ్డులో మగ్గాల చప్పుడు తప్ప ఇంకేం లేదు. ఏడాదిపాటు ఆ చప్పుడొక్కటే విని విని ఆయనకి పిచ్చెక్కినట్టయింది.

"పదవే, గుంటూరు పోదాం. పన్ను పెట్టించుకుందువుగాని," అని బయల్దేరదీశాడు.

గుంటూరులో అనూష అనే పళ్ళ డాక్టరు. చిన్నపిల్లలా ఉంది గానీ మాట నిక్కచ్చి.

"మూడు దారులున్నాయమ్మా. తీసి పెట్టుకునే పన్ను ఒకటి. పక్క పళ్ళు రెండూ అరగదీసి బ్రిడ్జి కట్టడం ఒకటి. ఎముకలో స్క్రూ దించి, దానిమీద పన్ను నిలబెట్టడం ఇంకోటి. దాన్నే ఇంప్లాంటంటారు. పక్క పళ్ళ జోలికి పోం గానీ, ఓపిక పట్టాలి. ఎముక స్క్రూని పట్టుకోడానికి మూణ్ణాలుగు నెలలు పడుతుంది. నూటికి నూరూ నిలుస్తాయని కూడా నేను చెప్పను."

పున్నమ్మ ఇంప్లాంటే కావాలంది. స్కాను తీశారు. ఎముక బాగానే ఉంది.

"షుగరుందా అమ్మా?"

"లేదండీ," అంది పున్నమ్మ తడుముకోకుండా.

"అబద్ధం డాక్టరమ్మా!" అన్నాడు పానకాలు. "పొద్దున్నే షుగరు బిళ్ళ మింగుద్ది, దానెనకాలే బెల్లంముక్క నోట్లో యేసుకుంటది."

పున్నమ్మ మొగుణ్ణి కొరకొరా చూసింది. డాక్టరు మాత్రం ఆయనకి దణ్ణం పెట్టినంత పని చేసింది. "దాస్తే నష్టం మీకేనమ్మా. షుగరు అదుపులో లేకపోతే పుండు మానదు, స్క్రూ నిలవదు. ముందు అది తగ్గించుకుని రండి."

రెండు నెలలు ఇద్దరూ తెల్లారకముందే పానకాలస్వామి కొండ మెట్లెక్కారు. పైన ప్రసాదం పానకం ఇస్తే పున్నమ్మ కళ్ళకద్దుకుని మొగుడి చేతిలో పోసేది. షుగరు దిగింది. స్క్రూ వేశారు. పైన తాత్కాలికంగా ఒక పన్ను బిగించారు.

"ఇది చూపుకే. దీంతో ఏదీ కొరకొద్దు. పొగాకు, గుట్కా అలవాటుందా?"

"రామరామ!"

"ఇంకేమైనా అలవాట్లు?"

మొగుడూ పెళ్ళాం మొహమొహాలు చూసుకున్నారు. "ఏం లేవండీ," అన్నారు ఇద్దరూ, గుండెల మీద చెయ్యేసుకుని.

ఆరు వారాలకి చూపించుకోడానికి వెళ్తే స్క్రూ కదులుతోంది. డాక్టరు లైటు దగ్గరగా లాగి చూసింది. తాత్కాలిక పన్ను అంచున సన్నటి గాడి. సరిగ్గా దానికిందున్న పంటికీ అలాంటిదే, ఇంకా లోతుగా.

"ఈ గాడి ఏంటమ్మా?"

పానకాలు నెత్తిన చెయ్యి పెట్టుకున్నాడు. "పోగు! డాక్టరమ్మా, పోగు!"

మగ్గం మీద పోగు తెగితే ముడేస్తారు. ముడేశాక మిగిలిన కొసని వంగి పంటితో పుటుక్కున తెంపుతారు. రోజుకి ఎన్నిసార్లో లెక్కలేదు. అది అలవాటని వాళ్ళకి తోస్తేగా చెప్పడానికి! ఊపిరి తీసుకోవడాన్ని ఎవరైనా అలవాటంటారా? అసలు పన్ను చెక్క కొరికితే విరగలేదు, ముప్ఫై ఏళ్ళ పోగులే దాన్ని కోసేశాయని అప్పుడు తెలిసింది.

స్క్రూ తీసేశారు. మూడు నెలలు ఆగి, ఎముక పూడాక మళ్ళీ మొదటినుంచి అన్నారు. బస్సులో పున్నమ్మ కిటికీవైపు తిరిగి ఏడ్చింది.

"నాకొద్దయ్యా ఈ పన్ను. ఈ వయసులో ఎవురు చూడొచ్చారు?"

"నీకొద్దేమో, నాకు కావాలి," అన్నాడు పానకాలు. "నువ్వు నవ్వకపోతే ఆ షెడ్డులో నేనుండలేనే."

పున్నమ్మ ముక్కు తుడుచుకుంది. ఇంక వద్దనలేదు.

ఆయన ఆవిడ మెడలో చిన్న కత్తెర కట్టాడు. లాభం లేదు. చెయ్యి కత్తెర దగ్గరికి పోయేలోపే మూతి పోగు దగ్గరికి పోతోంది. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదంటారు. కానీ గుంటూరు మిరపకాయ ముందు ఏ బుద్ధయినా ఎంత? బాగా ఎండిన కాయ ఒకటి తెచ్చి, కొస తుంచి, ఆవిడ వంగితే సరిగ్గా పెదాలకి తగిలేచోట మగ్గానికి దారంతో వేలాడదీశాడు. మొదటిరోజు నాలుగుసార్లు పున్నమ్మ పెదాలు మండి మొగుడి వంశాన్నంతా తిట్టింది. వారానికి చెయ్యి కత్తెర దారి పట్టింది. అయినా నమ్మకం లేక, కాయని తియ్యొద్దని ఆవిడే అంది.

రెండోసారి స్క్రూ వేశారు. ఈసారి దానిమీద ఏదీ బిగించలేదు. పెళ్ళికో పేరంటానికో పోతే పెట్టుకోమని, తీసిపెట్టుకునే పన్ను ఇచ్చారు. నాలుగు నెలలు గడిచాయి. స్క్రూ గట్టిగా పట్టింది. అసలు పన్ను పెట్టేశారు.

"ఇది పుచ్చదు. కానీ చుట్టూ చిగురు పాడైతే ఇదీ ఊడుతుంది. రెండుపూటలా శుభ్రం చేసుకోండి, ఆరు నెలలకోసారి చూపించండి. పోగు మాత్రం..."

"కత్తెరేనండీ!" అంది పున్నమ్మ. అద్దంలో చూసుకుని కొంచెంగా నవ్వింది. వెంటనే కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

బస్సులో పానకాలు తన దగ్గరున్న వాటిలోకల్లా మంచి జోకు వేశాడు. ఆవిడ కొంగు చాటున "ఊఁ" అంది. ఆయన ప్రాణం ఉసూరుమంది. ఇంత తిరిగితే పన్ను వచ్చింది గానీ నవ్వు రాలేదు.

మర్నాడు పొద్దున పున్నమ్మ లోపల పళ్ళు తోముకుంటోంది. ఆవిడ మగ్గం మీద పోగు తెగి ఉండటం పానకాలు చూశాడు. పోనీలే పాపం అని ఆవిడ గుంటలోకి దిగి, ముడేసి, అలవాటు కొద్దీ వంగి పళ్ళతో పుటుక్కున కొరికాడు.

పోగుతోపాటు మిరపకాయ కూడా పంటికింద పడింది.

"చచ్చాన్రోయ్!" అని ఎగిరేసరికి నెత్తి పైకర్రకి కొట్టుకుంది. కాలు కింద మగ్గం తొక్కే పావుకోళ్ళలో ఇరుక్కుంది. నాలిక బయటపెట్టి, "నీళ్ళు! పున్నీ, నీళ్ళు!" అని కేకలు.

పున్నమ్మ చెంబుతో పరిగెత్తుకొచ్చి గుమ్మంలో ఆగిపోయింది. మొగుడి మొహం చూసింది. దారానికి వేలాడుతున్న సగం కాయని చూసింది. అంతే, నవ్వు తన్నుకొచ్చింది. చెంబు తొణికి, కొంగు భుజం మీదనే ఉండిపోయి, తల వెనక్కి వాల్చి, నోరంతా తెరిచి నవ్వింది. కొత్త పన్ను, పాత పళ్ళు అన్నీ కనిపించాయి. వీధి మొదట్లో ఎవరో, "పున్నమ్మత్త నవ్వుతోందే!" అన్నారు.

పానకాలు కళ్ళవెంట నీళ్ళు ధారగా కారుతున్నాయి. నాలిక భగ్గుమంటోంది. చెంబు రెండడుగుల దూరంలోనే ఉంది. ఇంకాసేపు నవ్వనీ అని ఆయన మళ్ళీ నీళ్ళడగలేదు.