గోదాం దాకా ఏడు వారాలు

నేను ఒక గేమ్ కంట్రోలర్‌ని. టీవీ ముందు కూర్చుని ఆటలాడేవాళ్ల రెండు అరచేతుల్లో ఇమిడిపోయే నల్లటి వస్తువుని. నా ముఖం మీద రెండు పొట్టి స్టిక్కులున్నాయి. ఎడమ స్టిక్కు తోస్తే తెరమీది మనిషి నడుస్తాడు. కుడి స్టిక్కు తిప్పితే తల తిప్పి చూస్తాడు. చూపుడువేళ్లు ఆనేచోట ట్రిగ్గర్లున్నాయి. కుడిది నొక్కితే తుపాకీ పేలుతుంది. నన్ను ముఖ్యంగా ఈ మూడో పని కోసమే తయారుచేశారని నా అట్టపెట్టె మీద మండిపోతున్న బొమ్మ చూస్తే ఎవరికైనా తెలిసిపోతుంది. నా బతుకు మాత్రం ఆ బొమ్మలా సాగలేదు. అందుకు కారణం ఒక తండ్రీ, ఒక కూతురూ. వాళ్లను తలుచుకోవాలనే ఈ నాలుగు మాటలు.

నా పుట్టుక గురించి పెద్దగా చెప్పుకోవడానికి లేదు. పొడవాటి ఫ్యాక్టరీలో కదిలే పట్టీ మీద భాగం భాగంగా అతుక్కున్నాను. చివర చేతి తొడుగులు వేసుకున్న ఒకావిడ నా బటన్లన్నీ తలా ఒకసారి నొక్కింది, స్టిక్కులు ఒక్కో చుట్టు తిప్పింది, పెట్టెలో పడుకోబెట్టింది. నా మీద ఆమె చూపు నిలిచింది రెప్పపాటు. నా వెనక ఇంకా వేలమంది ఉన్నారు మరి. తర్వాత చీకటి, ఓడ, లారీ, చివరికి హైదరాబాద్‌లో ఒక దుకాణం అద్దాల బీరువా. అక్కడినుంచి నన్ను ఇంటికి తెచ్చుకున్న అమ్మాయి ఉజ్వల.

ఉజ్వల వాళ్లది కృష్ణానగర్. సినిమావాళ్ల పేట అంటారు కానీ, అక్కడుండేది తెరమీద కనిపించే సినిమావాళ్లు కాదు. లైట్లు మోసేవాళ్లు, బట్టలు కుట్టేవాళ్లు, గుంపులో నిలబడేవాళ్లు. ఉజ్వల తండ్రి సోమాచారి సెట్లకు రంగులేసేవాడు. ప్లైవుడ్ చెక్కను కోటగోడలా, థర్మకోల్ ముక్కను వందేళ్ల స్తంభంలా మార్చడం ఆయన పని. "గోడకు వయసు పెడత" అనేవాడు ఆ పని గురించి ఎవరడిగినా. తల్లి అనసూయ ఇంట్లోనే జాకెట్లు కుట్టేది.

ఉజ్వల డిగ్రీ పూర్తిచేసి ఒక బ్యాంకు కాల్ సెంటర్‌లో చేరింది. ఆ పిల్లకు ఒక్కటే పిచ్చి. ఒంటరిగా ఆడుకునే తుపాకీ ఆటలను అందరికంటే వేగంగా ముగించడం. అప్పట్లో ఆమె ఆడుతున్నది యుద్ధంలో పాడైన ఓడరేవు పట్నంలో దారితప్పిన ఒక సిపాయి ఆట. మామూలుగా ఆడితే పదిహేను గంటలు పట్టేది, ఆమె గంటంబావులో ముగించేసేది. ఎలాగంటారా? శత్రువులను కాల్చేది కాదు. కాల్చడానికి ఆగాలి కదా! వాళ్ల మధ్యనుంచే దూసుకుపోయేది. గోడలు దూకేది, కథ చెప్పేవాళ్ల నోళ్లు బటన్ నొక్కి మూయించేది. ఆ పట్నంలో సముద్రం ఉందన్న సంగతి నాకు ఏడాదిదాకా తెలియదు.

"గట్లెందుకు ఉరుకుతున్నవ్ బిడ్డా? ఎవరన్న తరుముతున్నరా?" అన్నాడు సోమాచారి ఒకసారి, పనికి పోతూ చెప్పులేసుకుంటూ.

"టైమ్ తరుముతుంది నాయినా," అంది ఉజ్వల తెరమీంచి కళ్లు తిప్పకుండానే.

నేనా పిల్లను తప్పుపట్టను. ఆ వేళ్లలో ఎంత సంతోషముండేదో నాకు తెలుసు. పగలంతా ఫోన్లో ఎవరెవరో విసుక్కుంటుంటే ఓర్చుకున్న మనిషి, సాయంత్రం నన్ను పట్టుకుంటే గాలిలా అయిపోయేది.

ఆ ఏడు శ్రావణంలో సోమాచారి పరంజా మీంచి పడ్డాడు. ఇరవై అడుగుల కోటగోడకు నాచు మరకలు వేస్తుండగా కాలు జారింది. తొడ ఎముక విరిగితే రాడ్ వేశారు. మూడునెలలు మంచం దిగొద్దన్నారు. చూడవచ్చిన మేస్త్రి ఒకడు ఆపిల్ పళ్లు పక్కన పెట్టి, "ఆ గోడ ఇగ కంప్యూటర్ల చేస్తరట అన్నా," అని చెప్పి వెళ్లాడు. ఆ మాట ఎముక విరిగినదానికంటే ఎక్కువ నొప్పించినట్టుంది. సోమాచారి మాట తగ్గించేశాడు. అన్నం పెడితే తినేవాడు, లేకపోతే గోడవైపు తిరిగి పడుకునేవాడు. నలభై ఏళ్లు గోడలకు రంగులేసిన మనిషి వెల్లవేసిన ఖాళీ గోడను అలా చూస్తుంటే అనసూయకు కుట్టుమిషన్ దగ్గర కాళ్లాడేవి కావు.

ఒక ఆదివారం ఉజ్వల మంచాన్ని టీవీవైపు తిప్పి, నన్ను తీసుకెళ్లి ఆయన పొట్టమీద పెట్టింది.

"నాకెందుకే గివన్నీ?"

"ఊకె పండుకుంటే పిచ్చిలేస్తది నాయినా. పట్టుకో."

ఆ చేతులు నాకు కొత్త. గరుకు బొటనవేళ్లు, గోళ్ల అంచుల్లో ఎన్నటికీ పోని రంగు. మొదటి గంటంతా సిపాయి ఆకాశంకేసి చూస్తూ గిరగిరా తిరిగాడు. తర్వాత గోడకు ముక్కు ఆనించి నిలబడ్డాడు. ఉజ్వల నవ్వు ఆపుకోలేకపోయింది. కానీ ఆయన నవ్వలేదు. ముక్కు ఆనించిన ఆ గోడనే చూస్తున్నాడు.

"బిడ్డా, ఇగో ఇటు చూడు. కిటికీ కింద వాన చారలు. పైన సన్నగ మొదలై కిందికి వచ్చేసరికి వెడల్పయినయ్. పనొచ్చినోడు వేసిండు."

"అది కంప్యూటర్ నాయినా."

"కంప్యూటర్‌కు వానేం తెలుసు? వానల నిలబడి గోడ చూసినోడే వేసిండు."

ఆరోజునుంచి నా బతుకు మారిపోయింది. ఉజ్వల చేతిలో నాలుగు నిమిషాలు పట్టే మొదటి వీధి సోమాచారికి తొమ్మిది రోజులు పట్టింది. ప్రతి ఇంట్లోకీ వెళ్లాడు. పగిలిన పింగాణీ చూశాడు, చెక్కమెట్లు ఎక్కడ అరిగాయో చూశాడు. గాలికి కొట్టుకుంటున్న తలుపులు మూశాడు. ఆరిపోయిన లాంతర్లు వెలిగించాడు. ఆటలో వాటికి మార్కులేమీ లేవు. ఆయనకు కావలసిందీ మార్కులు కాదు. మంచం దిగలేని మనిషి నా కుడి స్టిక్కు తిప్పుతూ ఆ పట్నమంతా తలెత్తి చూశాడు. సముద్రాన్ని నేను మొదటిసారి చూసింది అప్పుడే.

శత్రువులు ఎదురైతే మాత్రం ఇబ్బందిగా ఉండేది. తుపాకీ పేల్చడం ఆయన చేత కాలేదు, ఇష్టమూ లేదు. ఆట ఆపి, పనినుంచి కూతురు వచ్చేదాకా అలాగే కూర్చునేవాడు.

"వీళ్లను జెర పంపించు బిడ్డా. నేను ఇల్లు చూసుకోవాలె."

ఉజ్వల సంచి భుజాన ఉండగానే నన్ను తీసుకుని నలుగురినీ పడగొట్టి, తిరిగి ఇచ్చేసేది. "నేను కాల్చుడు, నువ్వు చూసుడు. మంచిగుంది మన దోస్తానా," అనేది. అనసూయ మిషన్ ఆపి నవ్వేది. ఆ ఇంట్లో నవ్వు మళ్లీ వినబడుతున్నది.

అలా ఏడు వారాలకు సోమాచారి రేవు చివర ఉన్న ధాన్యం గోదాం చేరాడు.

ఉజ్వల వేగపు ఆటగాళ్ల బృందంలో పోటీ పెట్టుకున్నది సరిగ్గా ఆ వారమే. శనివారం పొద్దున, తండ్రి పడుకుని ఉండగా, ఆమె పోటీకి కూర్చుంది. నా బతుకులో అంత వేగంగా నేనెప్పుడూ కదలలేదు. గంటా ఎనిమిది నిమిషాలు. మొదటి స్థానం! ఫోన్ మోగుతూనే ఉంది. ఆ పిల్ల నన్ను గుండెలకు హత్తుకుంది. నేనూ పొంగిపోయాను.

మధ్యాహ్నం భోజనమయ్యాక సోమాచారి చెయ్యి చాచాడు. "ఇగ ఇయ్యి బిడ్డా, గోదాం పైకప్పు చూసేది మిగిలింది."

ఆట తెరిచారు. గోదాం లేదు. ఆ ఆటలో ఎక్కడిదాకా ఆడామో దాచుకునే చోటు ఒక్కటే. పొద్దున పోటీ తొందరలో, 'పాతది తుడిచేయనా?' అని తెర అడిగితే, చదవకుండానే ఉజ్వల నా బటన్ నొక్కేసింది. నిజం చెప్పాలంటే నొక్కబడినవాణ్ణి నేనే. ఆపగలిగే శక్తి నాకు లేదు.

ఆమె ముఖం పాలిపోయింది. "నాయినా... నీ ఆట పోయింది. నా దాని మీద పడి నీది పోయింది. నేనే చేసిన."

సోమాచారి చాచిన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. "గెలిచినవా?"

"గెలిచిన."

"గంతే చాలు. పోనీ తీ," అన్నాడు. అని, గోడవైపు తిరిగి పడుకున్నాడు.

తిట్టి ఉంటే ఆ పిల్లకు అంత బాధ ఉండేది కాదు. ఫోన్ ఇంకా మోగుతున్నది. దాన్ని వంటింట్లో పెట్టి వచ్చి, నన్ను తీసుకుని నేలమీద కూర్చుంది. మొదలుపెట్టింది. పోటీలో కూడా అంత ఉరకలేదు. ముప్పై ఒక్క నిమిషాల్లో గోదాం గుమ్మం ముందు సిపాయిని నిలబెట్టి, తండ్రి భుజం తట్టింది.

"ఇగో నాయినా. నీ గోదాం."

ఆయన మెల్లగా తిరిగి చూశాడు. కూతురి నుదుటి మీది చెమట కూడా చూశాడు. మనసు నొప్పించడం ఇష్టంలేని గొంతుతో అన్నాడు. "మంచిగనే తెచ్చినవ్ బిడ్డా. కానీ ఇది నాది కాదు. మెట్ల కింద లాంతరు వెలిగించి వచ్చిన. చేపల అంగడి తలుపు మూసి వచ్చిన. ఆ ముసలామె ఇంట్ల కుర్చీ లేపి నిలబెట్టిన. అవన్నీ చేసినంకనే ఇక్కడికి వచ్చిన."

ఉజ్వల నన్ను ఒళ్లోకి తీసుకుంది. తర్వాత ఆట మళ్లీ మొదటినుంచి తెరిచింది.

"సరే. మొదటి వీధికి పోదాం. నువ్వు చెప్తుండు, నేను నడుస్త."

పదకొండు రోజులు పట్టింది. పనినుంచి రాగానే చాయ్ తాగి ఇద్దరూ కూర్చునేవాళ్లు. "ఎడమకు తిరుగు. ఆగు. ఆ పొయ్యి మీద మసి చూడు, ఒక్క పక్కనే ఉన్నది. అంటే గాలి ఈ కిటికీలకెంచి వస్తది." మొదట ఉజ్వల వేళ్లు తొందరపడేవి. ఆయన "ఆగు" అన్న ప్రతిసారీ నామీద ఆమె బొటనవేలు ఉలిక్కిపడేది. నాలుగోరోజున ఆయన ఏమీ అనకముందే ఆమే ఆగింది. "నాయినా, ఈ ఇంట్ల చిన్నపిల్ల ఉండె. తలుపు మీద పొడుగు కొలిచిన గీతలున్నయ్." రెండువందలసార్లు ఆ తలుపు పక్కనుంచి ఉరికిన పిల్ల ఆ మాటంది. సోమాచారి ఆమె తలమీద చెయ్యి వేశాడు.

గోదాం చేరాక, ఆయన ఒక చెక్కగోడ దగ్గర ఆపించాడు.

"దగ్గరికి పో. ఇంక దగ్గరికి. ఈ గోడ అబద్ధం బిడ్డా."

"అన్నీ అబద్ధమే గద నాయినా!"

"అట్ల కాదు. మిగిలిన పలకలకు మేకుల చుట్టు తుప్పు దిగింది. ఈ నాలుగింటికి మేకులు పొడిగున్నయ్. తియ్యడానికి పెట్టిన గోడ ఇది. మేం గూడ కెమెరా పోనీకి ఇట్లనే పెడతం. తన్ను."

ఉజ్వల తన్నించింది. పలకలు ఊడిపడ్డాయి. వెనక చిన్న గది. బల్ల, నాలుగు స్టూళ్లు, తాగి వదిలేసిన కప్పులు. ఎదురు గోడంతా సన్నని కుంచెతో రాసిన పేర్లు.

"ఎవరివి?" అన్నాడు సోమాచారి.

ఆమె పైన రాసినది చదివింది. "ఈ పట్నం చేసినోళ్లంట. గోడలు వేసినోళ్లు, రాళ్లు వేసినోళ్లు, దీపాలు పెట్టినోళ్లు."

"చదువు."

"చానా ఉన్నయ్ నాయినా."

"చదువు బిడ్డా. తొందరేం లేదు."

నలభై మూడు పేర్లు. నోరు తిరగని పేర్లన్నీ ఒక్కొక్కటిగా చదివింది. ఒక్కో పేరుకూ ఆయన తలూపాడు, తన మేస్త్రీలను వరసగా పలకరిస్తున్నట్టు. అడుగున ఒక వాక్యముంది. "ఇక్కడిదాకా చూసినోళ్లకు థాంక్స్, అంట."

సోమాచారి నన్ను చేతిలోకి తీసుకోబోయి, మానేసి, టీవీకి రెండు చేతులూ జోడించాడు. "నలభై ఏండ్లల నా పేరు ఒక్కపాలి తెరమీద పడలే," అన్నాడు. కొంచెం ఆగి, "అయినా నా గోడలను గూడ ఎవరో ఒకరు ఇట్ల చూసే ఉంటరు గద. వాళ్లెవరో నాకు తెలిసే దారి లేదు. గంతే," అన్నాడు. ఆయన కళ్లు తడిగా ఉన్నాయి, ముఖం మాత్రం తేటగా ఉంది. మిషన్ దగ్గరున్న అనసూయ లేచివచ్చి, ఆ పేర్లకేసి చూస్తూ మంచం పక్కన నిలబడింది.

మూడునెలలు నిండాక సోమాచారి లేచి నడిచాడు. పరంజా ఎక్కే కాలు మాత్రం తిరిగి రాలేదు. ఇప్పుడు కింద కూర్చునే పనులకు వెళ్తున్నాడు. సెట్లో పెట్టే పెట్టెలకు, తలుపులకు, పాత్రలకు వయసు పెడుతున్నాడు. ఉజ్వల ఇప్పటికీ ఉరుకుతుంది, ఇంకా గెలుస్తుంది కూడా. ఆదివారాలు మాత్రం తండ్రితో నిదానంగా నడుస్తుంది. కొత్త ఆట తెస్తే ముందు ఆయన చూడాలి, తర్వాతే ఆమె ఉరకాలి. అది ఆ ఇంటి కట్టుబాటు.

మూడేళ్లకు నేను అరిగిపోయాను. నన్ను కోఠిలో ఒక రిపేరు దుకాణానికి తీసుకెళ్లారు. అక్కడి ముసలి మెకానిక్ నన్ను విప్పి, కళ్లద్దాలు సర్దుకుని ఆశ్చర్యపోయాడు.

"తుపాకీ ఆటలకే వాడిన్రా? ట్రిగ్గర్ కొత్తదాని లెక్కుంది. స్టిక్కులే రెండూ పోయినయ్. నా దగ్గర ఈ మోడల్‌కు ఒక్కటే ఉంది. ఏది మార్చాలె?"

"కుడిది," అంది ఉజ్వల. "ఎడమది," అన్నాడు సోమాచారి. ఇద్దరూ ఒక్కసారే అన్నారు.

"బిడ్డ ఉరకాలె గద," అన్నాడాయన.

"నువ్వు చూడాలె గద," అందామె.

మెకానిక్ ఇద్దరి ముఖాలూ చూసి, ఏమనుకున్నాడో, కుడిదే మార్చాడు.

ఉజ్వల తన పోటీలకు కొత్త కంట్రోలర్ కొనుక్కుంది. నేను సోమాచారికి మిగిలాను. నా ఎడమ స్టిక్కు ఇప్పుడు ఎవరూ తోయకపోయినా కొంచెం ముందుకే వాలి ఉంటుంది. అందుకని సిపాయి నిలబడమన్నా నిలబడడు, అడుగులో అడుగేసుకుంటూ తనంతట తానే నడుస్తుంటాడు. ఇంకొకరైతే నన్ను చెత్తలో వేసేవాళ్లు. సోమాచారి మాత్రం దిండుకు ఆనుకుని, కుడి బొటనవేలొక్కటే నామీద ఆనించి, పక్కన కూర్చున్న కూతురితో అంటాడు.

"పోనీ బిడ్డా, వాడు నడుస్తుంటడు. మనం చూసుకుంట పోదాం."