చ మీట

తడిగుడ్డతో మీటలన్నీ తుడిచి, సన్యాసిరావు కీబోర్డును కుర్చీలో కూర్చున్న అక్క ఒళ్ళో ఉన్న తలగడ మీద పెట్టాడు. కిటికీ బయట, ఒడిశా కొండల మీది సునాబెడ టౌన్‌షిప్ మంచులో ఉంది. నీలగిరి చెట్లు సగం వరకే కనిపిస్తున్నాయి. పై సగం ఇంకా ఎవరూ గియ్యలేదన్నట్టు తెల్లగా ఉంది. క్వార్టర్ల మధ్య రోడ్డు మీద ఎవరో దగ్గుకుంటూ వెళ్ళారు గానీ, మనిషి కనపడలేదు.

అక్క పేరు భారతీదేవి. టౌన్‌షిప్ బడిలో తెలుగు చెప్పి రిటైరైంది. గొంతులో పుండు లేచి, ఆపరేషనయ్యాక మాట పోయింది. పుండు మాత్రం పోలేదు. ఇంకెంతో కాలం లేదని డాక్టర్లు తమ్ముడికి చెప్పేశారు, ఆవిడకూ తెలుసు. చెయ్యి వణుకుతుంది, కలం నిలవదు. ఫోను అద్దం మీద ఒకటి నొక్కబోతే నాలుగు నొక్కుకుంటాయి. లోపలికి దిగే మీటలైతే నెమ్మదిగా నొక్కగలదు. అందుకే సన్యాసిరావు పాత కంప్యూటరొకటి తెచ్చి, మీటలకు తెలుగు అక్షరాలు అంటించి, కొట్టింది కొట్టినట్టు నల్ల తెర మీద చూపించే చిన్న ప్రోగ్రాం రాశాడు. అక్క పోయేలోగా ఆవిడ నోటి మాట ఒక్కటైనా మళ్ళీ వినాలని అతని ఆశ. వినడం కుదరకపోతే చదవడమైనా చాలు.

నల్ల తెర తప్ప అతనికి వేరే లోకం తెలియదు. ఫ్యాక్టరీ స్టోర్సులో చేరినరోజే అలాంటి తెర ముందు కూర్చోబెట్టారు. నట్లు, బోల్టులు, వాషర్లు, అన్నిటి పేర్లూ ఇంగ్లీషు పెద్ద అక్షరాల్లో కొట్టుకుంటూ కొట్టుకుంటూ జుట్టు తెల్లబడింది. పెళ్ళిమాట రెండు మూడుసార్లు గుమ్మం దాకా వచ్చి, ఇతను తలెత్తి చూసేలోగా వెళ్ళిపోయింది. ప్రమోషనూ అంతే.

ఇంగ్లీషు అక్షరం కంప్యూటర్లోకి ఒక్క ముక్కగా వస్తుంది. తెలుగు అక్షరం మూడు ముక్కలై వస్తుంది. అతని ప్రోగ్రాం తొందరపాటు మనిషిలా, ముక్క వచ్చినప్పుడల్లా అక్షరం వచ్చేసిందనుకుని తెర మీదికి పట్టుకుపోయేది. 'క' నొక్కితే మూడు ప్రశ్నార్థకాలు పడేవి. చెరపబోతే మూడోవంతే చెరిగేది. అక్క ఆ ప్రశ్నార్థకాల వరస చూసి భుజాలు కదిలేలా నవ్వేది. నిన్న సాయంత్రం చివరికి దారి దొరికింది. ముక్కకు ముక్క కాదు, అక్షరం మొత్తం వచ్చేదాకా ఆగి అప్పుడు తీసుకోవాలి. పుస్తకంలో దాన్ని వైడ్ క్యారెక్టర్ అన్నారు. వెడల్పు అక్షరం. ఆ మాట అతనికి నచ్చింది. మన అక్షరాలకు ఆ మాత్రం ఒళ్ళుంది మరి.

అక్క వేలు మీటల మీద చాలాసేపు తిరిగింది. ఒక్కొక్క అక్షరమే తెర మీదికి వచ్చి కూర్చుంది. ఒత్తులు కాస్త పక్కకు ఒరిగినా, మాట నిండుగా వచ్చింది.

"సోడంబలి తాగేవేటిరా సిన్నోడా"

సన్యాసిరావు సంతోషం అక్కడే ఆగిపోయింది. ఇల్లలకగానే పండగ కాదని ఊరికే అన్నారా. రోజూ తాగే రాగి అంబలి, చోడంబలిలో చ లేదు. చిన్నోడిలోనూ లేదు. కీబోర్డు మీద చ ఒక కొస, స ఇంకో కొస. చెయ్యి జారి పడేంత దగ్గర కావు. అక్క తప్పు రాసే మనిషి కాదు. అమ్మ పోయాక బొబ్బిలి పక్క ఊరి నుంచి అతన్ని ఇక్కడికి తెచ్చి పెంచింది ఆవిడే. వచ్చిన కొత్తలో నోరు తెరిస్తే మొట్టికాయ పడేది, "సెప్పు కాదురా, చెప్పు" అని. కాబట్టి తప్పు ప్రోగ్రాందే.

"దీనికి చ రాట్లేదక్కా. సాయంత్రం వచ్చి సూస్తాను."

ఆవిడ తల అడ్డంగా ఊపింది. ఆగమన్నట్టు చెయ్యెత్తింది. ఇంతలో సైరన్ కూసింది. పక్క క్వార్టరు లక్ష్మిప్రియ పగలంతా వచ్చి చూసిపోతూనే ఉంటుంది కనక, అతను ధైర్యంగా చెప్పుల్లో కాళ్ళు పెట్టాడు.

ఆ రోజంతా స్టోర్సులో చేతులు వాటి పని అవి చేసుకున్నాయి. మనసు మాత్రం మంచులో తిరిగింది. మూడు ముక్కల్లో ఏ ముక్క దగ్గర చ కాస్తా స అయిపోతోంది? వాషర్ల పేర్లు కొడుతుంటే మధ్యలో అక్క ఎత్తిన చెయ్యి కనిపించేది. భోజనాల వేళ అన్నం ముట్టకుండా కూర్చుంటే, స్టోర్సులోనే పనిచేసే తిరుమలరావు ఏమైందని అడిగాడు. ఇతను చెప్పాడు. ఆయన శ్రీకాకుళం మనిషి, నవ్వేశాడు.

"మనకే రాని చ, కంప్యూటర్‌కెలాగొస్తాదిరా?"

సన్యాసిరావు కూడా నవ్వాడు. నవ్వాడే గానీ, ఆ మాట వైపు మళ్ళీ వెనక్కి తిరిగి చూడలేదు.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి మంచు మళ్ళీ దిగింది. లక్ష్మిప్రియ గుమ్మంలోనే మెల్లగా చెప్పింది. మధ్యాహ్నం దాకా అమ్మగారు మీటలు కొడుతూనే ఉన్నారట, తర్వాత నిద్రపట్టిందట, లేపడం ఎందుకని ఊరుకుందట. అతను అడుగుల చప్పుడు కాకుండా లోపలికి వెళ్ళి తెర చూశాడు.

పొద్దుటి మాట కింద వరసగా చ అక్షరాలు ఉన్నాయి. చ చ చ చ చ. ఒకటో తరగతి పిల్లలకు నల్లబల్ల మీద రాసిపెట్టినట్టు ఈ కొస నుంచి ఆ కొస దాకా, ఒక్కటీ విరగకుండా. వాటి కింద మళ్ళీ ఒక్క మాట.

"సిన్నోడా"

అప్పుడు తెలిసింది అతనికి, చ మీట బాగానే ఉందని, అక్క కావాలనే స కొట్టిందని. అమ్మ అలాగే పిలిచేది. అక్కా చిన్నప్పుడు అలాగే పిలిచి ఉంటుంది, మేష్టరయ్యాక మానేసింది. గొంతు పోయాక, ఇంక దిద్దవలసినవాళ్ళెవరూ లేరనుకుందేమో, మళ్ళీ పిలిచింది. అతను కోరుకున్న నోటి మాటే అది. చేతికొచ్చిన దాన్ని తప్పని చెప్పి డ్యూటీకి పోయాడు.

"సెప్పక్కా," అన్నాడు.

మొట్టికాయ కోసం ఆగాడు. ఆవిడ చెయ్యి పట్టుకుని చూశాడు. ఆ చలి కొండమీది చలి కాదు. అలాగే పట్టుకుని, ఉదయం తను తాగకుండా వెళ్ళిన అంబలి సంగతి చెప్పాడు. "తాగలేదక్కా. ఇప్పుడు తాగుతాను." లక్ష్మిప్రియ వచ్చి లైటు వేసి, చూసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

వాళ్ళిద్దరూ ఆవిడను మంచం మీద పడుకోబెట్టాక, ఖాళీ కుర్చీలో తలగడ గుంటలో అక్క కళ్ళజోడు మిగిలింది, ఒక కాడ మడిచి, ఒక కాడ తెరిచి.