హత్సుయే ఏరిన చివరి కాయలు

అత్తగారి సంవత్సరీకానికి మిత్సుయో చేయవలసిన పనులు ఇవి: అటక మీది తోచి అనే చేదు కొండకాయలు దించి నానబెట్టడం, పెచ్చు తీయడం, బూడిద నీళ్ళలో ఊరేసి చేదు విరవడం, వాగులో కడగడం, జిగురు బియ్యంతో కలిపి ఆవిరి మీద ఉడికించి మోచి ముద్దలుగా దంచడం, ఎర్ర అలసందల పూర్ణం చేయడం, గుడి గురువుగారికి కబురు పెట్టడం.

బూడిద ఒక్కటే ఆమె చేతిలో లేదు. ఇంట్లోకి గ్యాసు వచ్చాక బూడిద ఎక్కడిది? కొండ అవతల కట్టెల పొయ్యి ఉన్నవాళ్ళ దగ్గర తెమ్మని మరిది కియోహరును పురమాయించింది.

ఆ కాయలు అత్తగారు హత్సుయే పోయే ముందు, వంగిన నడుముతో, ఎలుగుబంట్ల కన్నా ముందే కొండెక్కి ఏరుకొచ్చినవి. ఆవిడ చేతివి ఇక అంతే.

ఊరేసిన మర్నాడు గంగాళం మూత తీయగానే మిత్సుయో ముక్కు మూసుకుంది. కాలిన ప్లాస్టిక్ కంపు. పైన పచ్చటి నురగ చీమిడిలా సాగుతోంది. ఆశ చావక ఒక ముక్క కడిగి నాలుక మీద పెట్టుకుని, తుపుక్కున ఊసేసింది. ఎంత పుక్కిలించినా రంగు డబ్బా నాకినట్టే ఉంది.

"కియోహరూ, ఈ బూడిద ఎక్కడిది?"

"మన పెరట్లో చెత్త కాల్చే డ్రమ్ములోదే వదినా. అంత దూరం ఎవడు పోతాడు? బూడిద బూడిదేగా!"

"అందులో ఏం తగలేశావు?"

అతను ముక్కు తుడుచుకున్నాడు. "రంగేసిన పాత తలుపు... నా రబ్బరు బూట్లు..."

"మీ అమ్మకి బూట్లు నైవేద్యం పెడతావా?"

"అబ్బా, పూర్ణం కాస్త దట్టిస్తే చుట్టాలకేం తెలుస్తుంది?"

కంపు కన్నా ఆ మాటకే ఆమెకు ఎక్కువ రోత పుట్టింది. ఒక కాయ సాసర్లో వేసి అతని ముందు పెట్టింది.

"అయితే అమ్మ ఫొటో ముందు కూర్చుని ముందు నువ్వు తిను."

నోటి దాకా తెచ్చుకుని ఓకరించాడు. "నా వల్ల కాదు వదినా."

మిత్సుయో గొయ్యి తీసి గంగాళం బోర్లించింది.

సంవత్సరీకం నాడు ఫొటో ముందు ఉత్త తెల్ల మోచి పెట్టింది.

"అదేంటమ్మా, హత్సుయే ఇంట్లో తోచి లేకుండానా?" అంది ఫుసానో పిన్ని.

"పాడైపోయాయి పిన్నీ."

కియోహరు తెల్ల మోచి వరసగా మింగి వేళ్ళు నాక్కున్నాడు. మిత్సుయో మొహం తిప్పుకుంది.

మీరెప్పుడైనా తోచి మోచి తింటే, తీపి వెనక చిరుచేదు తగిలితే, ఒక్క క్షణం హత్సుయేని తలుచుకోండి. ఆవిడ ఏరిన కాయ ఇక ఒక్కటీ లేదు.