ఎడమ తలుపు స్పీకరు

రెండు సన్నని ఉక్కు రేకుల్ని కారులోని పాత స్టీరియో సెట్టుకి అటొకటి ఇటొకటి దూర్చి, మేస్త్రీ మెల్లగా తనవైపు లాగాడు. పదిహేడేళ్ళుగా డాష్‌బోర్డులో కూరుకుపోయిన సెట్టు కాసేపు మొరాయించింది. తరవాత కిర్రుమని మూలుగుతూ, వెనకున్న వైర్ల గుత్తితో సహా బయటికి వచ్చింది. దాంతోపాటు ఒక తలపిన్నూ, సగం సుద్దముక్కా, ఎప్పటిదో చాక్లెట్టు కాగితమూ ఒళ్ళో పడ్డాయి. వాటిని ఏరి ప్లాస్టిక్ డబ్బా మూతలో వేసి, విప్పిన నాలుగు మరలూ లెక్కపెట్టి పక్కన పెట్టి, తలెత్తాడు.

"ఇవన్నీ మీవే. చూసుకోండమ్మా."

"చూస్తూనే ఉన్నాను," అంది కారు యజమానురాలు.

ఆవిడ రిటైరైన లెక్కల టీచరు. బండి దుకాణం ముందు ఆపిన దగ్గర్నుంచీ, చేతిసంచీ చంకలో ఇరికించుకుని, వేసిన స్టూలు మీద కూచోకుండా తలుపు దగ్గరే నిలబడింది. పాత సెట్టు మూగబోయిందట. పాట లేకపోతే బండి నడుపుతుంటే నిద్రొస్తుందట. కొత్త సెట్టు పెట్టాలి కాని స్పీకర్లు మాత్రం ముట్టుకోకూడదు. "కంపెనీవి. బండితో వచ్చినవి. వాటి జోలికి వెళ్ళకండి," అని మూడుసార్లు చెప్పింది. చెప్పి ఊరుకుందా? ముందు తలుపులు రెండింటికీ లోపలి అట్ట అంచుల మీద తెల్లకాగితం ముక్కలు అంటించి, వాటి మీద సంతకాలు చేసుకుని మరీ వచ్చింది. పరీక్ష పేపర్ల కట్టకి సీలు వేసినట్టు!

ఇంకొకడైతే చిన్నబుచ్చుకునేవాడు. మేస్త్రీకి మాత్రం ఆవిడ మీద గౌరవం పుట్టింది. లోకం తెలిసిన మనిషి అనుకున్నాడు.

లోకం ఎలాంటిదో ఆయనకి ఇరవై రెండో ఏట తెలిసింది. అప్పుడు పనిచేసే దుకాణంలో ఎవరో పెద్దమనిషి, తన కారు స్పీకర్లు మార్చేశారని గొడవ చేశాడు. యజమాని వెనకా ముందూ చూడకుండా ఈయన అన్నం డబ్బా నలుగురి ముందూ బోర్లించాడు. స్పీకర్లు దొరకలేదు, దొరకడానికి అసలు మారితేగా. కింద పడిన అన్నం మాత్రం ఈయనే ఎత్తుకున్నాడు. ఆ రోజు నుంచి మేస్త్రీ ఎవరినీ నమ్మలేదు. పనిముట్ల పెట్టెకి రెండు తాళాలు వేసేవాడు. వాటి తాళంచెవులు ఒకే రింగుకి వేసి, చొక్కా జేబులోపల పిన్నీసుతో గుచ్చుకునేవాడు. పాలు వచ్చాక గిన్నె వంచి చూసేవాడు. వీధిలో ఆయన్ని వెనకాల 'అనుమానం మేస్త్రీ' అనేవాళ్ళు. ఆ సంగతి కూడా ఆయనకి అనుమానంగా తెలుసు.

ఇప్పటి దుకాణం తోడల్లుడిది, భార్య చెల్లెలి మొగుడిది. ఇందులో మేస్త్రీకి వాటా లేదు, కాగితం లేదు. ఉన్నదల్లా చెవి. కారులో పాట పెట్టి వెనక సీటు మధ్యలో కూచుని కళ్ళు మూసుకుంటే, ఎక్కడ మర వదులైందో, ఏ తలుపులో రేకు అదురుతోందో కూచున్నచోటే చెప్పేసేవాడు. ఆ చెవి ఉన్నన్నాళ్ళే తనకి ఇక్కడ చోటని ఆయనకి బాగా తెలుసు. తోడల్లుడు తనని సాగనంపడానికి సాకు వెతుకుతున్నాడని ఏడాదిగా ఆయన గట్టి నమ్మకం. లేకపోతే, తను పని పూర్తిచేసి దిగిన ప్రతి బండిలోకీ వీడు సాయంత్రం ఎందుకు దూరతాడు? ఒక్క నిమిషం, తలుపు వేసుకుని మరీ. ఏం చేస్తున్నావయ్యా అంటే, "ఊరికే అన్నయ్యా, పాట వింటున్నా," అంటాడు. ఊరికే ఎవడైనా ఏదైనా చేస్తాడా?

ఇంట్లోనూ అంతే. ఏడాదిగా భార్య గొణగడం నేర్చుకుంది. ఒక ముక్కా తిన్నగా వినపడేలా మాట్లాడదు. చెల్లెలితో ఫోనులో గుసగుసలు. భోజనాల దగ్గర ఎప్పుడూ ఎడమపక్కన కూచునే మనిషి, ఉన్నట్టుండి కుడిపక్కకి మారింది. ఎందుకే అంటే, "అటు గాలి బాగా వస్తుందండీ," అంది. ఫ్యాను చూస్తే నడినెత్తిన ఉంది. ఏ పక్క కూచున్నా గాలి ఒక్కటే! ఇవాళ పొద్దున కూడా ఫ్యాను వంక, భార్య వంక మార్చి మార్చి చూసి లేచి వచ్చాడు.

మేస్త్రీ కంపెనీ వైర్లని కత్తిరించే రకం కాదు. పాత సాకెట్‌కి సరిపడే జోడింపు సాకెట్ తెచ్చి, దానికి కొత్త సెట్టు వైర్లు కలుపుతాడు. రంగుల్నీ నమ్మడు. రంగు ఎవడైనా వేస్తాడు. గోడ గడియారంలో వేసే చిన్న సెల్లుకి రెండు వైరు ముక్కలు టేపుతో అంటించి ఉంచుకున్నాడు. స్పీకరు జత కొసలకి వాటిని ఒక్కసారి తాకిస్తే, తలుపులోంచి 'టప్' మంటుంది. ఏ తలుపు టప్‌మంటే ఆ జత ఆ తలుపుదన్నమాట. కుడి తలుపు టప్‌మంది. ఎడమ తలుపు మాటెత్తలేదనిపించింది. ఆ స్పీకరు జాలీ మీద అరచెయ్యి ఆనించి మళ్ళీ తాకించాడు. చేతికి చిన్న కుదుపు తగిలింది. అయితే బతికే ఉందన్నమాట.

కొత్త సెట్టు పళ్ళెంలా నున్నగా లోపలికి జారి టక్కున కూచుంది. టీచరమ్మ కోరిన పాట పెట్టి, మేస్త్రీ వెనక సీటు మధ్యకి జరిగి కళ్ళు మూసుకున్నాడు.

ఎడమ పక్క నీరసం.

ఇది కొత్త కాదు. ఈ మధ్య వచ్చే బళ్ళన్నిటికీ ఇదే రోగం. దానికి మేస్త్రీ దగ్గర ఒక కారణం కూడా ఉంది. నడిపేవాడు కుడిపక్క తలుపుని మెల్లగా వేస్తాడు, సొంతబండి కనక. ఎడమపక్క కూచునే బంధువులు ధడేలుమని వేస్తారు, ఊళ్ళో వాళ్ళ సొమ్ము కనక. ఆ దెబ్బలకి ఎడమ స్పీకరు నీరసిస్తుంది. అందుకే ప్రతి బండికీ, రెండు పక్కల చప్పుడు సరిచేసే బ్యాలెన్సు ఎడమకి ఆరు అంకెలు జరిపి ఇస్తున్నాడు.

"మీ పక్కన ఎవరు కూచుంటారమ్మా?"

"ఎవరూ కూచోరు. పదిహేడేళ్ళుగా నేనూ నా సంచీ."

మేస్త్రీ చెప్పుకున్న కారణం అక్కడికక్కడే కూలిపోయింది. తలుపు వేసేవాళ్ళే లేనప్పుడు స్పీకరు ఎలా పాడవుతుంది? ముందు సెట్టుని అనుమానించాడు. సరుకు వేసేవాడు నకిలీ అంటగట్టాడేమో! వెనక వైర్లు మార్చి, కుడి జతని ఎడమకీ ఎడమ జతని కుడికీ ఇచ్చి విన్నాడు. దోషం సెట్టుదైతే నీరసం ఇప్పుడు కుడికి రావాలి. రాలేదు. ఎడమే నీరసం. సెట్టు నిర్దోషి. వైర్లు మళ్ళీ ఎప్పటిలా కలిపేశాడు. ఇక మిగిలింది స్పీకరు, దానికి సీళ్ళు వేసి తెచ్చిన మనిషి. ఎక్కడో చెడగొట్టించుకుని, నేరం తన నెత్తిన వెయ్యడానికి వచ్చిందేమో. గౌరవం కాస్తా ఆవిరైపోయింది.

"సీలు చింపాలమ్మా. ఎడమది నీరసంగా ఉంది."

"నాకు రెండూ సమానంగానే వినపడుతున్నాయే!"

"లెక్కలు మీరు చెప్పండి, వింటాను. ఇది మాత్రం నాకు వదిలెయ్యండి. ఈ పనిలో నా చెవి నలభై ఏళ్ళది."

ఆవిడ ఆయన్ని ఎగాదిగా చూసింది. "చింపితే నేనే చింపుతాను," అని సంతకాలకి నడిమధ్యగా చింపింది. అట్టలు ఊడదీసి స్పీకర్లు రెండూ బయట పెట్టగానే, మూతలోని సుద్దముక్క తీసుకుని ఒకదాని వీపున 'ఎ' అనీ, రెండోదాని వీపున 'కు' అనీ రాసింది. స్పీకర్లు శుభ్రంగా ఉన్నాయి. కాగితపు బుట్టల మీద చిన్న చిరుగైనా లేదు. మేస్త్రీ 'ఎ'ని కుడి తలుపులో, 'కు'ని ఎడమ తలుపులో బిగించి, బ్యాలెన్సు సరిగ్గా సున్నా దగ్గర పెట్టి, మళ్ళీ వెనక సీటు మధ్యలో కూచున్నాడు.

ఎడమే నీరసం.

సెట్టు వైర్లు మార్చాడు, స్పీకర్లు మార్చాడు. ఇంక అనుమానించడానికి ఏం మిగిలింది?

అప్పుడు అద్దంలో కనపడ్డారు, బండి వెనక నిలబడి తోడల్లుడూ టీచరమ్మా. ఇద్దరూ తలలు దగ్గరపెట్టి ఏదో అనుకుంటున్నారు. తోడల్లుడు చేత్తో తన చెవి చూపించాడు. ఓహో, తనని సాగనంపడానికి సాకు దొరికిందన్నమాట! మేస్త్రీ గిరుక్కున వెనక్కి తిరిగి, సీటు మీద మోకాళ్ళు ఆన్చి, వెనక అద్దంలోంచి వాళ్ళ పెదవులకేసి చూడసాగాడు. వాళ్ళేమంటున్నారో అర్థం కాలేదు కాని, ఇంకొకటి తెలిసింది.

పాట తిరిగింది. ఇందాకటిదాకా నీరసంగా ఉన్న ఎడమ తలుపు ఇప్పుడు గొంతెత్తి పాడుతోంది. కుడి తలుపు గొణుగుతోంది.

మేస్త్రీ మళ్ళీ ముందుకి తిరిగాడు. ఎడమ తలుపు గొణిగింది. వెనక్కి తిరిగాడు. కుడి తలుపు గొణిగింది. బండి తిరగలేదు, తలుపులు తిరగలేదు. తిరిగింది తన తల ఒక్కటే. వేలు తెచ్చి కుడిచెవి మూసుకున్నాడు. పాట ఎవరో తలుపు మూసినట్టు ఆగిపోయింది. వేలు తీశాడు. మళ్ళీ వచ్చింది. పదిసార్లు చేసి ఉంటాడు. పదోసారికి ఆయనకి ఏడుపొచ్చింది.

ఏడవలేదు. దిగి, ఏ తలుపు స్పీకరు ఆ తలుపులో బిగించి, అట్టలు వేసి, మరలు లెక్కపెట్టాడు. ఎప్పటిలాగే బ్యాలెన్సు ఎడమకి ఆరు జరిపాడు. "అయింది తమ్ముడూ," అని కేకేసి, పక్క దుకాణం టైర్ల దొంతర వెనక్కి వెళ్ళి నిలబడ్డాడు. తన చెవే తనని మోసం చేశాక కూడా అనుమానం చావలేదు. వీడు ఆ ఒక్క నిమిషం ఏం చేస్తాడో ఇవాళ చూడాలి.

తోడల్లుడు అటూ ఇటూ చూసి, బండిలో కూచుని తలుపు వేసుకున్నాడు. తల కొంచెం వంచాడు. చెయ్యి బటను మీదకి వెళ్ళింది. ఆరు, అయిదు, నాలుగు. టైర్ల వెనక నుంచి అంకెలు కనపడలేదు కాని వేలు నొక్కిన లెక్క కనపడింది. ఆరు నొక్కులు. అంటే సున్నా.

మేస్త్రీ వెళ్ళి రెండో తలుపు తీసి పక్క సీట్లో కూచున్నాడు. తోడల్లుడు ఉలిక్కిపడి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"ఎన్నాళ్ళనించి?"

"ఏం లేదన్నయ్యా, ఊరికే..."

"ఊరికే కాదులే. ఎన్నాళ్ళనించి?"

తోడల్లుడు చూపు స్టీరింగు మీదకి దించాడు. "ఏడాది దాటింది. వదినగారే ముందు కనిపెట్టారు. పిలిస్తే అటుపక్క నుంచి పలకడం లేదని," అన్నాడు.

"నాకు చెప్పలేదేం?"

"చెబితే నమ్ముతారా మీరు?"

నిజమే. చెబితే తను నమ్మేవాడా? పనిలోంచి పీకెయ్యడానికి కట్టిన కథ అని నానా గొడవా చేసేవాడు. ఈ తమ్ముడు ప్రతి సాయంత్రం దొంగలా దూరి తన తప్పు దిద్దిపెట్టాడు. తను వాడిని దొంగలాగే చూశాడు. సిగ్గుతో ఆయన చెవులు రెండూ కాలిపోయాయి, వినపడేదీ, వినపడనిదీ.

"టీచరుగారితో గుసగుసలు అదేనా?"

"ఆవిడే అడిగారు, ఆయనకి వినికిడి ఎలా ఉంటుందని. ఎవరికీ చెప్పకండి అన్నాను."

మేస్త్రీ బండి దిగి టీచరమ్మ దగ్గరికి వెళ్ళాడు. "అమ్మా, వెనక సీటు మధ్యలో కూచుని మీరు విని చెప్పండి."

ఆవిడ కూచుంది. ఆయనలాగే కళ్ళు మూసుకుంది. పాట ఒక చరణం నడిచింది. "ఇప్పుడు సరిగ్గా మధ్యలో ఉందండీ," అంది.

ఆయనకి వినపడుతున్నది మధ్యలో లేదు. అయినా తల ఊపాడు. నలభై ఏళ్ళలో ఒకరి మాట మీద పని ముగించడం అదే మొదలు. "కొత్త సెట్టుకి బలం ఎక్కువ, పాత స్పీకర్లకి తక్కువ. చప్పుడు ముప్పై దాటనివ్వకండి," అని చెప్పి, "అట్టలు ఊడదియ్యమంటారా? సుద్దరాతలు చూసుకుంటారా?" అని అడిగాడు.

"అక్కర్లేదు లెండి." టీచరమ్మ అంచులకి మిగిలిన కాగితం ముక్కల్ని గోటితో గీకి, ఉండచుట్టి సంచీలో వేసుకుంది. వెళ్ళేముందు ఆయన కుడిపక్కకి వచ్చి నిలబడి, "పని చక్కగా చేశారు," అంది.

బండి మలుపు తిరిగేదాకా మేస్త్రీ చూశాడు.

"రేపు రెండు బళ్ళున్నాయి అన్నయ్యా," అన్నాడు తోడల్లుడు, ఆయన మొహం చూసి భయపడి. "చేతులు మీవి, చెవి నాది. ఏడాదిగా నడవలేదా? అలాగే నడుస్తుంది."

"నడిపింది నువ్వురా తమ్ముడూ. నేనే నడిచాననుకున్నాను." మేస్త్రీ చేతులు గుడ్డతో తుడుచుకుని, గుడ్డని నాలుగు మడతలు పెట్టాడు. "వినపడనివాడితో ఎవడైనా పనిచేస్తాడు. నమ్మనివాడితో ఏడాది ఎలా నెగ్గుకొచ్చావో, అది గొప్ప. ఇంక చాలు. రేపటినుంచి నేను రాను."

తోడల్లుడు ఎంత చెప్పినా వినలేదు. వినపడక కాదు. పెట్టె దగ్గర కాసేపు వంగి ఏదో సర్దుకుని, అన్నం డబ్బా పట్టుకుని ఇంటికి నడిచాడు.

ఆ పూట భోజనానికి కూచుంటూ ఆయనే కొంచెం ఎడమకి జరిగి, కుడిపక్క చోటు చూపించాడు.

"ఇటు కూచో. గాలి బాగా వస్తుంది," అన్నాడు.

భార్య కంచం పట్టుకుని అలాగే నిలబడిపోయింది. తరవాత వచ్చి కూచుంది. ఆవిడ ఏం మాట్లాడినా ఆ పూట ఆయనకి గొణిగినట్టు అనిపించలేదు.

మర్నాడు తోడల్లుడు షట్టరు ఎత్తేసరికి పనిముట్ల పెట్టె ఎప్పటి చోటే ఉంది, రెండు తాళాలూ విప్పేసి. టేపు చుట్టిన చిన్న సెల్లు పైనే కనపడుతోంది. మూత కొండీకి ఆ తాళంచెవుల రింగు, తుప్పు పట్టిన పిన్నీసుతో సహా వేలాడుతోంది.