మూడో పిలుపు

మా తమ్ముడి కొడుకు అరుణ్ హన్మకొండలో రాక్ బ్యాండ్ నడుపుతాడు. గిటార్లు పట్టుకున్న నలుగురు పిల్లలు. ఈసారి ఆల్బమ్‌లో గిటార్లు తగ్గించి కంప్యూటర్ చప్పుళ్లు నింపారట. రేపు పొద్దున అందరికీ వదులుతున్నామని, ముందు నేనే వినాలని జఫర్‌గఢ్ వచ్చి ల్యాప్‌టాప్ నా మంచం మీద పెట్టాడు.

మొదట ఈగలు ముసిరినట్టు మోత. తర్వాత నా డప్పు. నిరుడు అరుణ్ వాళ్లమ్మ కట్టమ్మ చనిపోయినప్పుడు పాడె ముందు కొట్టిన దరువు అది. ఎవరో ఫోన్లో పట్టి ఉంచారట.

డప్పు ఆగింది. "అవ్వా!" అని తల్లిని పిలిచే అరుణ్ గొంతు.

శ్మశానం దారిలో దింపుడు కల్లం దగ్గర పాడె దించినప్పుడు పోయినవాళ్ల చెవిలో కొడుకు మూడుసార్లు పిలవాలి. లేవకపోతే ఇక పిలవకూడదు, పోనివ్వాలి. వీళ్లు ఆ పిలుపును ముక్కలు కోసి, సాగదీసి, మేకపిల్ల గొంతు చేసి, తిప్పి తిప్పి పెట్టారు. కింద జనం ఎగిరి ఆడే దరువు. ఇరవై దాకా లెక్కపెట్టాను. లేచి వాకిట్లో ఉమ్మి వచ్చాను.

"ఎట్లుంది పెద్దబాపు?"

"బంద్ చెయ్."

"పూరా వినలేదు గద."

"పీనుగును తవ్వి ఆడిస్తున్నవ్‌రా. గీ పాటకు ఎగురుతరా జనం?"

"ఎగురుతరు. ఆనాడు పాడె ముందు నీ డప్పుకు ఎగురలేదా?"

"గా పిలుపు తీసెయ్. లేకుంటే నా గడప తొక్కకు."

వాడు పాట ఆపి నా వైపు తిరిగాడు.

"ఆనాడు నేను పిలిచింది రెండుసార్లే పెద్దబాపు. మూడోది గొంతుల పట్టింది. నువ్వు జర ఆగలే. డప్పు కొట్టినవ్, పాడె లేపిన్రు. గా మూడోది ఎట్లుంటదో అని మిషన్ల దేవులాడినం. ఒక్కటి గూడ అవ్వను పిలిచినట్టు లేదు."

ఆ రోజు ఎండ మండిపోతోంది. డప్పు కొట్టేవాళ్లకని కల్లు తెచ్చి ముందు కనబడే చెట్టు కింద పెట్టారు. అక్కడికి ఎప్పుడు చేరతామా అని నా చూపంతా దాని మీదే. మరదలి చెవిలో కొడుకు ఎన్నిసార్లు పిలిచాడో చూడనే లేదు.

"తీసెయ్యాల్నా?" అన్నాడు.

"తీసెయ్."

మిషన్ పిలుపులన్నీ తీసేసి మళ్లీ వినిపించాడు. డప్పు ఆగింది. ఒక పిలుపు. రెండో పిలుపు. తర్వాత వాడు గుక్క తీసుకోవడం వినిపించింది. ఆ గుక్క మీదే నా దెబ్బ పడింది. దప్పిగొన్న పశువు తలుపు తన్నినట్టు పడింది.

నా చేతులంటే నాకే రోత పుట్టింది.

"గిది ఉంచాల్నా పెద్దబాపు?"

"ఉంచు. డప్పు కొట్టింది ఎవడో పేరు గూడ రాయి."